ఆషాఢంలో సంతకం

నాకు కోపం ముక్కు మీదుంటుందని ఫిల్మ్‌నగర్‌లో అందరికీ తెలుసు. జులై నెలలో మాత్రం అది ముక్కు దిగి నోట్లోకి వస్తుంది. జులై ముప్పై ఒకటి ఆదాయపన్ను రిటర్ను వేయడానికి ఆఖరి రోజు. నేను ఆడిటర్ని. నా దగ్గరికొచ్చేదంతా సినిమావాళ్ళు. సినిమావాళ్ళంటే పోస్టర్ల మీద కనిపించేవాళ్ళనుకునేరు. ఫైటర్లు, మేకప్‌వాళ్ళు, డబ్బింగు చెప్పేవాళ్ళు, పాటకింతని డాన్సులు కట్టేవాళ్ళు. నెలజీతమూ పేస్లిప్పూ వీళ్ళ జాతకంలోనే లేవు. ఒక్కొక్కరికీ రెండు రేట్లుంటాయి. టీ బండి దగ్గర అరిచి చెప్పుకునేది ఒకటి, నా బల్ల ముందు కూర్చుని గొంతు తగ్గించి చెప్పేది ఒకటి. నేను రెండోదే రాస్తాను. దాన్ని కూడా ఇంకాస్త తగ్గించి రాయమన్నవాళ్ళు నా మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూడరు.

ఆ మెట్ల గురించి కూడా చెప్పాలి. నా ఆఫీసు కింద రాజుల కిరీటాలూ పోలీసు టోపీలూ అద్దెకిచ్చే షాపుంది. రంగులేసిన గదలు ఆరబెట్టుకోవడానికి వాళ్ళకి నా మెట్లే దొరికాయి. ఆ గదలను తప్పించుకుంటూ, పంచె కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని పైకొచ్చే పెద్దమనిషి పట్టాభిరామయ్య సిద్ధాంతిగారు.

సినిమాలకు ముహూర్తాలు పెట్టేది ఆయనే. కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలో, కెమెరా ఎటు తిప్పాలో, హీరోయిన్ ఏ రంగు చీర కట్టాలో ఆయన చెప్పాలి. సాఫ్ట్‌వేర్ రోజులొచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. మాదాపూర్‌లో కంపెనీ తెరవాలన్నా, కుర్రాళ్ళు వీసా స్టాంపింగుకి వెళ్ళాలన్నా, కొత్త సర్వరు ఆన్ చెయ్యాలన్నా ఈయన్నే అడిగేవాళ్ళు. ఎవరి దగ్గరా నౌకరీ లేదు, పిలిచినచోటికి వెళ్ళాలి, ఇచ్చింది పుచ్చుకోవాలి. మొదటిసారి వచ్చినప్పుడు ఖర్చులు రాసుకురమ్మంటే కొబ్బరికాయలు, కర్పూరం, ఆటో చార్జీల కింద ‘పాపపరిహారం’ అని ఒక పెద్ద అంకె వేసుకొచ్చారు. ఎవరి పాపమని అడిగితే, “అది వృత్తి రహస్యం తల్లీ” అన్నారు. నేను ఎర్రసిరాతో కొట్టేశాను.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి ఫిల్మ్‌నగర్ అంతటా శాసనమైపోయింది. ఆషాఢంలో ఎవరూ కలం ముట్టుకోకూడదు. అగ్రిమెంటు మీద సంతకం లేదు, చెక్కు మీద సంతకం లేదు. ముట్టుకుంటే సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. ఈ నియమం నిర్మాతలకు ఎంత నచ్చిందో చెప్పలేను. పనిచేయించుకోవడానికి ఏ మాసమైనా పనికొస్తుంది, డబ్బివ్వడానికి మాత్రం ఆషాఢం అడ్డొస్తుంది. జ్యేష్ఠంలో పని చేసినవాడు శ్రావణం దాకా నోరు మూసుకుని కూర్చోవాలి.

ఆ ఏడాది జులై ముప్పై ఒకటి ఆషాఢంలో పడింది. చాలదన్నట్టు మంగళవారం.

ఆ రోజు పొద్దున్నే సిద్ధాంతిగారు వచ్చారు. వెనకాల ఆయన భార్య అమ్మాజీగారు. ఆవిడ ఎప్పుడూ రారు. వచ్చారంటే ఇంట్లో చాలా మాటలే అయ్యాయన్నమాట.

సంగతి ఇది. శ్రీనగర్ కాలనీలో వాళ్ళు పాతికేళ్ళుగా అద్దెకుంటున్న వాటాని ఓనరు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ గెస్ట్‌హౌస్‌కి ఇస్తానని ఖాళీ చెయ్యమన్నాడు. రహమత్ నగర్‌లో ఒక ఫ్లాటు కుదిరింది. రెండు గదులు, ఒక వంటిల్లు, తూర్పు వాకిలి. బ్యాంకు లోనిస్తానంది, కానీ పేస్లిప్పు లేని మనిషి కాబట్టి మూడేళ్ళ రిటర్నులు చూపించమంది. రెండేళ్ళవి ఉన్నాయి. మూడోది గడువులోగా వేసి, ముద్ర పడిన కాపీ ఒకటో తారీకు పొద్దున తెచ్చివ్వాలి. బిల్డరు కూడా ఆ రోజు దాకానే ఆగుతానన్నాడు. ఆ ఫ్లాటు కోసమే ఒక సాఫ్ట్‌వేర్ జంట చెక్కుబుక్కు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్ళకి పేస్లిప్పులు రెండున్నాయి.

“అమ్మా ఉదయశ్రీ, ఒక్క ఉపాయం చెప్పు,” అన్నారు సిద్ధాంతిగారు. “శ్రావణ శుద్ధ పంచమినాడు సంతకం పెట్టి, ఇవాళ్టి ముద్ర వేయించుకోవచ్చా?”

నా కోపం నోట్లోకి వచ్చేసింది. “పంతులుగారూ, గవర్నమెంటుకు ఆషాఢం లేదు, శ్రావణం లేదు. ఇయ్యాల సాయంత్రం కౌంటర్ మూసిన్రంటే మూసినట్టే. మీరు సంతకం పెడితే పెట్టున్రి, లేకపోతే ఫ్లాటు మీద ఆశ వదులుకోన్రి.”

“నాకు తెలియదా తల్లీ? కానీ నేను ఆషాఢంలో, అందులోనూ మంగళవారం సంతకం పెట్టానని తెలిస్తే రేపు నా గడప తొక్కేదెవరు? ముహూర్తాలు పెట్టేవాడికి పరువే పెట్టుబడి. అందుకే జ్యేష్ఠంలోనే ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి ఇస్తానన్నాను. నువ్వే వద్దన్నావు.”

అదీ నిజమే. ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకునే ఆడిటర్ని కాను నేను.

అమ్మాజీగారు అప్పటిదాకా కిటికీలోంచి కిరీటాలను చూస్తున్నారు. ఇప్పుడు నావైపు తిరిగారు. “అమ్మాయ్, నా పెళ్ళి ఫోటో ఎక్కడుందో తెలుసా? బీరువా వెనకాల, గోడకి ఆనించి ఉంది. పాతికేళ్ళు. మేకు కొడితే గోడ పాడవుతుందని ఓనరు కొట్టనివ్వలేదు. చుట్టాలొస్తే తీసి చూపించి మళ్ళీ పెట్టేస్తాను. ఈ ఫ్లాటు పోతే ఇక ఈ జన్మకి నాకు గోడ లేదు.”

ఆవిడ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించింది. నేను మనిషి ఏడిస్తే కసరగలను, ఇలా మాట్లాడితే మాత్రం నాకు చేతకాదు. సిద్ధాంతిగారు పైపంచెతో కళ్ళజోడు తుడుచుకుంటూ, “పెడతానులేవే,” అన్నారు మెల్లగా. “ఎవరూ చూడకుండా.”

ఒక చిక్కు తీరింది. ఇంకొకటి మిగిలింది.

పోయినేడు ఈయన క్రాంతికుమార్ అనే నిర్మాతకు మూడు సినిమాలకు ముహూర్తాలు పెట్టారు. క్రాంతికుమార్ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల సెంటరు పెట్టి బాగా సంపాదించి, ఆ డబ్బుతో సినిమాల్లోకి దిగినవాడు. అన్నీ కంపెనీ పద్ధతి. సిద్ధాంతిగారి ఫీజులో సగం చెక్కుగా ఇచ్చి, దాంట్లో పన్ను కోసుకుని గవర్నమెంటుకు కట్టాడు. మిగతా సగం సినిమా విడుదలయ్యాక అన్నాడు. సినిమాలు విడుదలై వెళ్ళిపోయాయి కూడా. కోసిన పన్నుకు సాక్ష్యంగా టీడీఎస్ సర్టిఫికెట్ అని ఒక కాగితం సంతకం పెట్టి ఇవ్వాలి. అదుంటేనే ఆ పన్ను సిద్ధాంతిగారు కట్టినట్టు లెక్క, లేకపోతే అంతా మళ్ళీ కట్టుకోవాలి. ఫ్లాటు మొదటి వాయిదా కోసం దాచుకున్న డబ్బు దానికే సరిపోతుంది. మే నెలనుంచి అడుగుతున్నాం. పాట షూటింగని బ్యాంకాక్ వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆషాఢం వచ్చింది.

మధ్యాహ్నం భోజనాలు కానిచ్చి ముగ్గురం ఆటో ఎక్కి అతని ఆఫీసుకి వెళ్ళాం. రిటర్ను ఫారం నింపి, సర్టిఫికెట్ వివరాల దగ్గర మాత్రం ఖాళీ ఉంచి, సంచిలో పెట్టుకున్నాను.

ఆ ఆఫీసు హాలు పెళ్ళి విడిదిలా ఉంది. ఎడిటరు, పాటలాయన, కాస్ట్యూములు కుట్టినాయన, ఇద్దరు ఫైటర్లు, ఇంకా నాకు తెలియనివాళ్ళు సోఫాల్లో, మెట్ల మీద కూర్చుని ఉన్నారు. సగంమంది నా దగ్గరికొచ్చేవాళ్ళే. వాళ్ళకీ అవే సర్టిఫికెట్లు కావాలి, చెక్కులు కావాలి. అందరికీ కాఫీలు మాత్రం వేళకి అందుతున్నాయి. సిద్ధాంతిగారు లోపలికి రాగానే వాళ్ళు చూసిన చూపు ఉందే, అది నమస్కారం మాత్రం కాదు.

“వచ్చిన్రా సిద్ధాంతిగారూ, రాన్రి రాన్రి!” అంటూ క్రాంతికుమార్ గదిలోంచి ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. వేళ్ళకి ఆరు ఉంగరాలు. “శ్రావణంల పెద్ద సినిమా షురూ చేస్తున్న. ముహూర్తం మీరే పెట్టాలె. ఈసారి ఫీజు డబల్.”

సిద్ధాంతిగారి మొహం వెలిగి, భార్యవైపు చూసి ఆరింది. సర్టిఫికెట్ సంగతి చెప్పారు.

క్రాంతికుమార్ నొచ్చుకున్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. “గట్లెట్లయితది సిద్ధాంతిగారూ? మీరే చెప్పిన్రు గదా, ఆషాఢంల కలం ముట్టొద్దని. మీ మాట మీద నేను కలాలన్నీ బీరువాల పెట్టి తాళమేసిన. ఇగో, వీళ్ళందరికీ గదే చెప్తున్న. సిద్ధాంతిగారు చెప్పినంక నేనెవర్ని?”

హాలంతా సిద్ధాంతిగారి వైపు తిరిగింది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడతారంటే ఏదో సామెత అనుకున్నాను. అందులోకి పంచె ఎత్తిపట్టుకుని దిగిన మనిషిని కళ్ళారా చూశాను.

“కాగితమే కదా నాయనా...” అన్నారు సిద్ధాంతిగారు.

“కాగితమైనా సంతకం సంతకమే అని పోయినేడు మీరే అన్నరు. అగ్రిమెంటు గూడ కాగితమే గదా అని నేనడిగితే మీరు నన్ను తిట్టిన్రు.” అతను గోడ గడియారం చూశాడు. “పైంగ ఇయ్యాల మంగళవారం. మూడు దాటింది. రాహుకాలం గూడ షురూ అయింది. మీరు పెట్టమంటె పెడ్త. కానీ అందరి ముంగట చెప్పున్రి, ఆషాఢం గీషాఢం ఉత్తదే అని. గప్పుడు మళ్ళ ముహూర్తాలెందుకు, నేను ఏ దినమంటే ఆ దినం షూటింగ్ పెట్టుకుంట.”

తెలివైనవాడు. ఊరికే సంపాదించలేదు. సిద్ధాంతిగారు ఔనంటే వృత్తి పోతుంది, కాదంటే ఇల్లు పోతుంది. ఆయన చెమట తుడుచుకుంటూ నావైపు చూశారు. నేనేం చెప్పను? నేను చదివిన చట్టంలో రాహుకాలం ప్రస్తావన లేదు.

అప్పుడు అమ్మాజీగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు.

“ఏమండీ, నాకో సందేహం,” అన్నారు. “మంగళవారం వస్తే చాలు, పాలవాడికీ కిరాణా కొట్టుకీ బాకీలు తీర్చి రమ్మని నన్ను తరుముతారు కదా. ఆషాఢంలో కూడా తరిమారు. పోయిన మంగళవారం వర్షంలో పంపించారు. మరి అది దోషం కాదా?”

సిద్ధాంతిగారు ఏదో చెప్పబోయి ఆగారు. భార్యవైపు చూశారు, గడియారం చూశారు, మళ్ళీ భార్యవైపు చూశారు. తర్వాత నడుం నిటారుగా పెట్టి, పైపంచె భుజమ్మీద సర్దుకున్నారు. పుట్టి మునుగుతుందనుకున్న మనిషికి తెడ్డు దొరికింది.

“నాయనా క్రాంతికుమార్,” అన్నారు, ముహూర్తంనాడు మైకులో వినిపించే గొంతుతో. “ముహూర్తం దేనికి? శుభకార్యం మొదలుపెట్టడానికి. పెళ్ళికి, గృహప్రవేశానికి, సినిమాకి. కొత్తగా అగ్రిమెంటు రాసుకోవడం ఆరంభం. ఆషాఢంలో అది కూడదన్నాను, ఇప్పటికీ అదే అంటున్నాను. కానీ పనిచేసినవాడికి ఇవ్వాల్సింది ఇవ్వడం ఆరంభం కాదు. అది బాకీ. బాకీకి ముహూర్తం లేదు.”

“లేదా?”

“లేదు. మంగళవారం అప్పు తీరిస్తే మళ్ళీ అప్పు పుట్టదని మా తాతల నాటి మాట. మంగళవారానికి అధిపతి కుజుడు, ఋణాలు తీర్చే దేవుడు. ఇవాళ ఇవ్వగలిగి ఉండి ఇవ్వకుండా దాచుకున్నవాడికి ఏమవుతుందో...” ఇక్కడ ఆయన కళ్ళు మూసుకున్నారు. “వద్దులే. పెద్ద సినిమా మొదలుపెడుతున్నావు. ఇప్పుడు ఆ మాటెందుకు?”

“ఏమైతది, చెప్పున్రి!” క్రాంతికుమార్ ఉంగరాల చేత్తో కుర్చీ పట్టుకున్నాడు.

“రాబడికి అడ్డు. మొదటి ఆటకి జనం వస్తారు. రెండో ఆటకి రారు.”

పాటలాయన దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. పోయినేడు ముహూర్తాలు పెట్టిన మూడు సినిమాలకూ జరిగింది సరిగ్గా అదే. వాటికి ముహూర్తం పెట్టింది ఎవరని ఆ క్షణంలో క్రాంతికుమార్ అడగాల్సింది. అడగలేదు. భయం ముందు లెక్కలు పనిచేయవు. అతను బీరువా తాళం కోసం ఎంత కంగారుగా వెతికాడంటే, చివరికి అది అతని మొలతాడుకే దొరికింది.

కలం బయటికి రాగానే హాల్లో కూర్చున్నవాళ్ళంతా లేచి వరస కట్టారు. ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. ఎడిటరు పక్కకి జరిగి, “ముందు సిద్ధాంతిగారు కానివ్వండి,” అన్నాడు. సర్టిఫికెట్‌తో పాటు ఎగ్గొట్టిన సగం ఫీజు చెక్కు కూడా చేతికొచ్చింది. ఫైటర్లలో ఒకడు అమ్మాజీగారి కాళ్ళకి దండం పెట్టాడు. ఎవరికి పెట్టాలో వాడికి బాగా తెలుసు.

ఆటో పంజగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. నేను సర్టిఫికెట్ చూసి ఖాళీలన్నీ నింపి, ఫారం సిద్ధాంతిగారి ఒళ్ళో పెట్టి కలమిచ్చాను. ఆయన చేతి గడియారం చూసుకున్నారు.

“నాలుగున్నర దాకా రాహుకాలం తల్లీ. కాసేపు...”

“పంతులుగారూ!”

“ఏమండీ!”

రెండువైపులా కూర్చున్న మేమిద్దరం ఒక్కసారే అన్నాం. ఆయన కళ్ళు మూసుకుని ఏదో శ్లోకం గొణిగి సంతకం పెట్టేశారు. ఆటో కదిలింది. సంతకానికీ ట్రాఫిక్‌కీ సంబంధం లేదు. అయినా ఆయన “చూశావా!” అన్నారు.

ఆదాయపన్ను ఆఫీసులో కౌంటరు ముందు వరస రోడ్డు దాకా ఉంది. మా వంతు వచ్చేసరికి కాళ్ళు పీకేశాయి. గుమస్తా ముద్ర కొట్టిన చప్పుడు వినగానే అమ్మాజీగారు కాపీని నా చేతిలోంచి లాక్కుని, ముద్ర తడి ఆరేదాకా నోటితో ఊదుతూనే ఉన్నారు.

తిరిగొచ్చేటప్పుడు సిద్ధాంతిగారు చాలా హుషారుగా ఉన్నారు. “నీ మేలు మర్చిపోను ఉదయశ్రీ. నీ రెండేళ్ళ ఫీజు కూడా శ్రావణంలో మంచిరోజు చూసి...” అని, మధ్యలోనే ఆగిపోయారు. ఆయనవైపు చూశానంతే. అమ్మాజీగారు సంచిలోంచి చెక్కుబుక్కు తీసి ఆయన మోకాలి మీద పెట్టారు.

లోను వచ్చింది. సాఫ్ట్‌వేర్ జంట ఇంకో ఫ్లాటు చూసుకున్నారు. శ్రావణం రాగానే రిజిస్ట్రేషను అయిపోయి తాళాలు చేతికొచ్చాయి. గృహప్రవేశానికి సిద్ధాంతిగారు తన విద్యంతా వెచ్చించి శుక్రవారం తెల్లవారుజాముకి ముహూర్తం పెట్టారు. అంత గొప్ప లగ్నం మళ్ళీ పదేళ్ళకి గాని రాదట. శుక్రవారం లోపల ఎవరూ ఇంట్లో ఒక్క పనీ మొదలుపెట్టకూడదని నాకు కూడా ఫోన్ చేసి చెప్పారు, నేనేదో పాలు పొంగించేస్తానన్నట్టు.

ఆ వారం మంగళవారం మధ్యాహ్నం పన్ను రసీదు ఇద్దామని కొత్త ఫ్లాటు వైపు వెళ్ళాను. సిద్ధాంతిగారూ నేనూ ఒకేసారి మెట్లెక్కుతున్నాం. పైనుంచి టకటకమని చప్పుడు. ఆయన పరుగెత్తారు. వెనకాలే నేను.

హాల్లో అమ్మాజీగారు స్టూలెక్కి ఉన్నారు. చేతిలో పాతింటినుంచి తెచ్చిన రోకలిబండ. గోడకి మేకు, మేకుకి పెళ్ళి ఫోటో. ఫోటోలో సిద్ధాంతిగారికి జుట్టుంది.

“ఏమిటే ఇది!” ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. “శుక్రవారం దాకా ఆగలేవూ? మంగళవారం! మూడున్నర! రాహుకాలంలో ఆరంభమా?”

అమ్మాజీగారు స్టూలు మీదనుంచే ఆయనవైపు చూశారు.

“ఆరంభం కాదండీ. పాతికేళ్ళ బాకీ ఇది.”

సిద్ధాంతిగారు ఫోటోవైపు చూశారు. తర్వాత వెళ్ళి, ఒకవైపు వాలిన ఫ్రేమును రెండు చేతులతో నెమ్మదిగా సరిచేశారు.